పగటి ఎండ కాదమ్మా, రాత్రి వేడి చూడండి

ప్రశ్న: అక్కగారూ, నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పదేళ్లు చికాగోలో ఉండి, పోయిన నవంబరులో హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌కి మారాం. చికాగోలో ఏటా మే రెండో వారంలో టమాటా నాటి సెప్టెంబరు దాకా కోసేదాన్ని. ఇక్కడా అలాగే నాటాను. మొక్కలు నా భుజం దాకా వచ్చాయి, పూత కూడా బాగా పూస్తోంది, కానీ జూలై అయిపోవస్తున్నా ఒక్క కాయ నిలవలేదు. మార్చిలో పెట్టిన చిక్కుడు పాదు కంచె మొత్తం కప్పేసింది, పువ్వు మాత్రం లేదు. సొరపాదుకి పిందెలు కనబడినట్టే కనబడి పసుపు తిరిగి రాలిపోతున్నాయి. గృహప్రవేశానికి వచ్చిన కరివేపాకు మొక్క కుండీలో ఉంది, నేలలో పెట్టమంటారా? మా అత్తయ్య అక్టోబరులో వస్తున్నారు. "విత్తనాలు నేను తెస్తాలే, నీ చేతికి మొక్క కలిసిరావడం లేదు" అన్నారు ఫోన్లో. నవ్వుతూనే అన్నారు గానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది. నిజంగా నా చెయ్యి మంచిది కాదా?
– ఒక చెల్లి, షుగర్‌ల్యాండ్

సమాధానం: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తాను. మీ చెయ్యి చాలా మంచిది. భుజం దాకా టమాటా, కంచె నిండా చిక్కుడు పెంచిన చెయ్యి అది. లోపం చేతిలో లేదు, తేదీల్లో ఉంది. చికాగో తేదీలు సామానుతో పాటు ఇక్కడికి వచ్చేశాయి. నేను 2009లో ఈ ఊరు వచ్చినప్పుడు నాతో వచ్చినవి కార్తెలు. జూన్ 8 రాగానే మృగశిర వచ్చిందని విత్తనాలు తీశాను. మన దగ్గర రోహిణి ఎండలు రోళ్లు పగలగొట్టాక మృగశిరతో నేల చల్లబడుతుంది. ఇక్కడ సరిగ్గా ఆ రోజుల్లోనే అసలు వేడి మొదలవుతుంది. ఆ ఏడాది నాకూ మీలాగే ఆకులే మిగిలాయి.

ఈ ఊరి వాతావరణం అనగానే అందరూ పగటి ఎండ గురించే చెప్తారు. 2023 ఆగస్టులో ఇక్కడ 109 ఫారెన్‌హీట్ చూశాం, అది చిన్న విషయం కాదు. అయినా ఇన్నేళ్లుగా మట్టిలో చెయ్యి పెట్టి నేను తెలుసుకున్నది, తోటను నడిపేది పగలు కాదు, రాత్రి. జూలై, ఆగస్టుల్లో హ్యూస్టన్ రాత్రులు సగటున 75 ఫారెన్‌హీట్ కిందికి దిగవు. మన లెక్కలో 24 డిగ్రీలు. గల్ఫ్ మీద నుంచి వచ్చే తేమ గాలి దుప్పటిలా కప్పుకుని ఉంటుంది, నేల పగలంతా పీల్చుకున్న వేడిని పైకి పోనివ్వదు. పొద్దున ఆరింటికి మీరు ఏసీ ఇంట్లోంచి పెరటి తలుపు తీసి చూడండి. కళ్లజోడు ఉంటే అద్దాలు ఒక్కసారిగా ఆవిరి కమ్మి ఏమీ కనబడవు. తెల్లవారుజామున కూడా గాలిలో అంత తేమ, అంత వేడి ఉన్నాయంటే మీ టమాటా మొక్కకు రాత్రంతా ఊపిరి తీసుకునే వేళే దొరకలేదన్నమాట.

టమాటా పువ్వుకి పగలు 90 దాటడం ఒక కష్టం, రాత్రి 75 కిందికి దిగకపోవడం అంతకంటే పెద్ద కష్టం. ఆ వేడిలో పుప్పొడి సరిగ్గా తయారవదు. తయారైనా పనిచెయ్యదు. కాయ కట్టని పువ్వును మొక్క తనే వదిలించుకుంటుంది. రేపు ఒక పూగుత్తిని దగ్గరగా పట్టుకుని చూడండి. పువ్వు కాడ మధ్యలో చిన్న మోకాలు లాంటి కణుపు ఉంటుంది. ముందు అక్కడ పసుపు తిరుగుతుంది, తర్వాత వేలితో తాకితే చాలు, సరిగ్గా ఆ కణుపు దగ్గరే తెగి చేతిలోకి వస్తుంది. చీడా కాదు, తెగులూ కాదు. ఎరువు వేస్తే తగ్గేదీ కాదు, ఇంకా ఆకు పెరుగుతుందంతే.

మీ అమ్మగారు తెనాలిలో టమాటా నారు ఎప్పుడు పోసేవారో గుర్తు తెచ్చుకోండి. చలికాలపు కాపు కోసం దసరా అటూ ఇటూగా కదా! టమాటాకి మన శీతాకాలం లాంటి రాత్రులు కావాలి. అవి హ్యూస్టన్‌లో రెండుసార్లు వస్తాయి. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్యలోగా నారు నాటితే మే, జూన్ నెలల్లో కాయ కోస్తాం. మళ్లీ ఆగస్టులో నాటితే అక్టోబరు, నవంబరుల్లో కోస్తాం. నడుమ వచ్చే వేసవి ఇక్కడ తోటకు విరామం. చికాగోలో జనవరి ఎలాగో టమాటాకి ఇక్కడ జూలై అలాగ. చెర్రీ టమాటాలు ఒక్కటే కాస్త ఓర్చుకుంటాయి, వచ్చే ఏడు వాటిని రెండు పెట్టుకోండి.

ఇప్పుడు ఉన్న మొక్కలు పీకేయకండి. ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి జానెడు పొడవున్న పక్క పిలకలు నాలుగు తుంచి, కింది ఆకులు తీసేసి, గ్లాసు నీళ్లలో నీడన పెట్టండి. వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. వాటిని ఆగస్టు మధ్యలోగా నాటి, మధ్యాహ్నం ఎండ తగలకుండా మూడు వారాలు నీడ గుడ్డ కట్టండి. పాత చీర కూడా పనికొస్తుంది, పలచగా ఉండాలి అంతే. సెప్టెంబరు చివర రాత్రులు 70కి దిగడం మొదలవగానే పూత నిలుస్తుంది. డిసెంబరులో గడ్డకట్టే చలి వచ్చేనాటికి చెట్టున ఇంకా పచ్చికాయలు మిగులుతాయి. అవి పచ్చడికి ఎంత బాగుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సంజెవేళ పెరట్లో నీళ్లు చిలకరించడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. పొడి ఊళ్లలో అది మొక్కకు హాయి. ఈ ఊళ్లో రాత్రి గాలిలో తేమ దిగదు కాబట్టి తడిసిన ఆకు తెల్లారేదాకా ఆరదు. పది గంటలు తడిగా ఉన్న ఆకు మీద మచ్చ తెగుళ్లు సులువుగా పట్టుకుంటాయి. పొద్దున్నే పోయండి, ఆకు తడవకుండా మొదట్లో పోయండి.

సొరకాయకి వద్దాం. ఇది కూడా రాత్రి కథే, కానీ మంచి కథ. సొరపువ్వు పొద్దు గుంకాక విచ్చుకుని, మర్నాడు ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. తెల్లటి ఆ పువ్వును రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసమే పూస్తుంది మొక్క. కొత్త కాలనీల్లో, దోమల మందు ఎక్కువగా కొట్టే చోట్ల ఆ పురుగులు తక్కువ. ఆడపువ్వు పూసినా పుప్పొడి చేరక పిందె పసుపుబారి రాలుతుంది. ఈ వేడికీ ఈ పొడుగు పగళ్లకూ మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ వస్తాయి కూడా, అందుకే ఒక్క ఆడపువ్వు కూడా వృథా కానివ్వకూడదు.

ఇవాళ రాత్రి ఎనిమిదిన్నరకి టార్చ్ తీసుకుని పాదు దగ్గరికి వెళ్లండి. సన్నటి పొడుగు కాడ మీద నిలబడినది మగపువ్వు. పువ్వు కింద వేలెడంత పిందె, దాని మీద మెత్తటి నూగు ఉంటే అది ఆడపువ్వు. మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలో ఉన్న పసుపు పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా మూడుసార్లు రాయండి. రెండు రోజుల్లో పిందె తల కిందికి వాలి నిగనిగలాడిందంటే నిలిచిందన్నమాట. బీర కూడా సాయంత్రమే పూస్తుంది. మా అమ్మమ్మ గడియారం చూసేది కాదు, "బీరపూలు విచ్చే వేళయింది, దీపం పెట్టండే" అనేది. అదే పద్ధతి బీరకూ చెయ్యండి. కాకర పొద్దున పూస్తుంది, దాని పని తేనెటీగలు చూసుకుంటాయి.

చిక్కుడు విషయంలో మీరు టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. మన పందిరి చిక్కుడు రాత్రి పొడవును కొలుచుకునే మొక్క. రాత్రి నిడివి పన్నెండు గంటలు దాటుతుంటే గానీ పూతకి రాదు. మన ఊళ్లో ఆషాఢంలో విత్తనం పెడితే కార్తీకంలో పూసేది అందుకే. హ్యూస్టన్‌లో జూన్ నెల పగలు పద్నాలుగు గంటలు, తెనాలిలో పదమూడే. అంటే ఇక్కడ దానికి ఇంకా తొందర లేదు. సెప్టెంబరు చివరికి రాత్రి పగటి కంటే పొడుగవుతుంది, అక్టోబరులో ఊదారంగు పూత కంచె మీద మీరే చూస్తారు. మార్చిలో పెట్టడం వల్ల ఆరు నెలలు ఊరికే నీళ్లు తాగుతుంది, అంతే నష్టం. వచ్చే ఏడు జూలైలో పెట్టండి. ఇప్పుడు తీగల చివర్లు తుంచండి, నత్రజని ఎరువు మానేయండి. ఇంకొక్కటి, మీ వరండా లైటు కంచె మీద పడుతోందేమో చూడండి. రాత్రంతా లైటు వెలుగుతుంటే మొక్కకు అది రాత్రి అనిపించదు, పూత వెనకపడుతుంది. సెప్టెంబరు నుంచి ఆ లైటు ఆపేయండి.

ఇక కరివేపాకు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ఊళ్లో మన ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్న మొక్క ఇదే.

2012లో నేను కరివేపాకును నేలలో పెట్టాను. తొమ్మిదేళ్లలో ఇంటి చూరు దాటింది. వీధిలో సగం ఇళ్లకు పోపులోకి మా చెట్టు ఆకే. 2021 ఫిబ్రవరి 16 తెల్లవారుజామున హ్యూస్టన్‌లో 13 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, అంటే సున్నా కింద పదిన్నర డిగ్రీలు. కరెంటు లేదు, ఇంట్లోనే అందరం రగ్గులు కప్పుకుని కూర్చున్నాం. చెట్టు మీద ఎవరికీ ధ్యాస లేదు. ముందు రోజు చెట్టు మొదలు చుట్టూ మాత్రం ఎండుటాకులు అడుగెత్తు పోసి ఉంచాను. వారం తర్వాత ఆకంతా నల్లబడి రాలింది. కాండాన్ని గోటితో గీకితే ఆకుపచ్చ పొర లేదు, గోధుమరంగు పొడి రాలింది. కొట్టేయమన్నారు అందరూ. ఎందుకో మనసొప్పలేదు, కొమ్మలు తీసి మొదలు వదిలేశాను. ఏప్రిల్ చివర ఒక పొద్దున ఆకులు పక్కకి జరిపితే మొదలుకి బెత్తెడు దూరంలో మట్టి చీల్చుకుని అగ్గిపుల్లంత చిగురు. తుంచి నలిపి వాసన చూశాను. కరివేపాకే.

తర్వాత 2022 డిసెంబరులో 15 ఫారెన్‌హీట్‌కి దిగింది, 2025 జనవరిలో ఏకంగా మంచే కురిసింది. నాలుగేళ్లలో మూడు గట్టి దెబ్బలు. కాబట్టి నా మాట, మీ మొక్కను కుండీలోనే ఉంచండి, ఇద్దరు మనుషులు మోయగలిగినంత కుండీ చాలు. రాత్రి 40 ఫారెన్‌హీట్ కిందికి దిగుతుందన్నప్పుడు గ్యారేజీలోకో కిటికీ పక్కకో జరపండి. చలికాలంలో కొంత ఆకు రాలుస్తుంది, చచ్చిపోయిందని భయపడి నీళ్లు ఎక్కువ పోయకండి, వేరు కుళ్లేది అలాగే. రెండో మొక్క ఉంటే అది నేలలో పెట్టి చూడండి, దక్షిణపు గోడ పక్కన. చలి వచ్చే ముందు రోజు నేల తడపండి, మొదట్లో ఆకులు పొయ్యండి, దుప్పటి నేలదాకా దించి కప్పండి. కాండానికి చుట్టి ముడి వేస్తే నేలలోంచి వచ్చే వెచ్చదనం లోపలికి చేరదు. ప్లాస్టిక్ ఆకుకు తగలకూడదు. చలి పోయాక ఎండిన కొమ్మలను తొందరపడి కత్తిరించకండి, ఏప్రిల్ దాకా ఆగండి.

కరివేపాకు గురించే ఇంకో జాగ్రత్త. ఇది నిమ్మ కుటుంబపు మొక్క. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు చిగురు మీద కూడా పెరుగుతుంది. అందుకని టెక్సస్‌లో ఈ మొక్కను ఊళ్లు దాటించడం మీద ఆంక్షలున్నాయి. ఆస్టిన్‌లో ఉన్న స్నేహితురాలికి పిలక తీసుకెళ్లాలని అనిపిస్తుంది, నాకూ అనిపించింది. వద్దు. అక్కడే లైసెన్సు ఉన్న నర్సరీలో కొనుక్కోమని చెప్పండి. ఇక్కడి నిమ్మతోటల రైతులు కూడా మన గుంటూరు మిర్చి రైతుల్లాంటి వాళ్లే, ఒక్క తెగులుతో ఇల్లు గుల్లయిపోతుంది.

మట్టి మాట మీరు అడగలేదు గానీ చెప్తాను. మీ ఫోర్ట్ బెండ్ కౌంటీలో చాలాచోట్ల నల్లటి బంకమట్టి. ఎండితే చెయ్యి పట్టేంత బీటలు, తడిస్తే చెప్పుకి అరకేజీ అంటుకుంటుంది. మన నల్లరేగడి జాతిదే అది. తెనాలి పిల్లకి ఆ నేల కొత్త కాదు. సారం ఉన్న నేలే, కాకపోతే వాన ఇక్కడ ఏడాదికి 50 అంగుళాలు, ఒక్కోసారి నాలుగంగుళాలు ఒక్క పూటలో పడుతుంది, నీరు ఇంకదు, వేరుకి గాలాడదు. ఇసుక కలపకండి, ఇటుకలా గట్టిపడుతుంది. అడుగెత్తు మడి కట్టి, ఏటా రెండుసార్లు కంపోస్టు వెయ్యండి.

పందిళ్లు తక్కువ ఎత్తులో, ఇనప గుంజలకి గట్టిగా కట్టండి. 2024 జూలై 8న బెరిల్ తుఫాను వచ్చిన పొద్దున మా సొరపందిరి నిలువునా కూలింది, అప్పటి నుంచి పశువుల కంచెకి వాడే ఇనప ప్యానెల్‌ను విల్లులా వంచి దాని మీదే పాకిస్తున్నాను. తుఫాను కాలం నవంబరు 30 దాకా ఉంటుంది. పెరట్లోకి వరదనీరు వస్తే మాత్రం ఆ నీరు తగిలిన ఆకుకూరలు ఎంత కడిగినా వండకండి, పారేయండి. 2017లో హార్వే తర్వాత పుష్కలంగా తోటకూర ఉండి కూడా మేం పారేశాం.

అత్తయ్యగారి విత్తనాల గురించి. ప్రేమతో తెస్తానన్నారు, ఆ మాట కాదనడం కష్టం. కానీ నాటే విత్తనాలు విమానంలో తెచ్చుకోవాలంటే ఇండియాలో మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తీసుకుని, ఇక్కడ దిగగానే చెప్పి తనిఖీ చేయించుకోవాలి. చెప్పకుండా బ్యాగులో పెడితే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు. పెద్దావిడను ఎయిర్‌పోర్టులో ఆ ఇబ్బంది పెట్టకండి. గోంగూర, బీర, సొర, దోస విత్తనాలు ఇక్కడే దొరుకుతున్నాయి. ఆవిడ రాకముందే కొని ఉంచండి, నాటడం ఆవిడ చేత చేయించండి.

నిజానికి ఆవిడ వస్తున్నది ఈ ఊళ్లో తోటకు అన్నిటికంటే మంచి నెలలో. చికాగో నుంచి వచ్చినవాళ్లు చలికాలం అంటే తోట మూసేసే కాలం అనుకుంటారు. ఇక్కడ అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకుకూరల పండగ. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి, క్యాబేజీ అన్నీ ఆ నెలల్లోనే. ఏప్రిల్ దాటితే కొత్తిమీర వారంలో పూతకొచ్చి చేదెక్కుతుంది. ధనియాలు రెండుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, మడిలో చల్లమని ఆవిడకే ఇవ్వండి. వేసవికి మాత్రం గోంగూర, బచ్చలి, తోటకూర, బెండ, బొబ్బర్లు, చిలగడదుంప. ఈ వేడి రాత్రులు వాటికి అమ్మ ఒడిలాంటివి. జూలైలో ఏమీ పండదని ఎవరైనా అంటే మీ గోంగూర చూపించండి.

ఒక చిన్న పని మొదలుపెట్టండి. రోజంతటిలో ఎక్కువ ఎంత, తక్కువ ఎంత చూపించే థర్మామీటరు ఒకటి కొని కంచెకి నీడవైపు తగిలించండి. ఎయిర్‌పోర్టు లెక్కకీ మీ పెరటి లెక్కకీ మూడు నాలుగు డిగ్రీల తేడా ఉండొచ్చు. వంటింట్లో తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, ఆ రోజు గడిలో తిథి కింద పెన్సిల్‌తో రాత్రి వేడి రాయండి. నేను 2013 నుంచి రాస్తున్నాను, పాత క్యాలెండర్లు పారేయలేదు. టమాటా పూత నిలిచిన రోజు, చిక్కుడు మొదటి పువ్వు, సొరకి మొదటి పిందె, అన్నీ అందులోనే ఉన్నాయి. మీ కౌంటీలో వ్యవసాయ విస్తరణ విభాగం వాళ్లు కూరగాయలు నాటే తేదీల పట్టిక ఇస్తారు, అది తెచ్చుకుని పక్కన పెట్టుకోండి. రెండేళ్లలో మీ పెరటి పట్టిక మీకే తయారవుతుంది.

చిక్కుడు పాదులో ఒక్క తీగను మాత్రం కంచె మీద నుంచి తీసి ఇంటి దక్షిణపు గోడకి పాకించండి. గడ్డకట్టే చలి మిగతా పాదును డిసెంబరులోనో జనవరిలోనో తినేస్తుంది, దాన్ని పోనివ్వండి. ఆ ఒక్క తీగకి ఆ రాత్రుళ్లు దుప్పటి కప్పండి. అత్తయ్యగారు రథసప్తమి దాకా ఉంటే తులసికోట దగ్గర రథం చెయ్యడానికి పది కాయలు కావాలి కదా.